మబ్బుల మీది బాట

ఉత్తరాంధ్ర మన్యములో వాహనయాత్ర, గుడారపు మకాము, ఆ కొండలవారి మాట

పుష్యమాసపు వేకువను సీతంపేట మన్యములోని ఆడలి కొండమీద నిలిచి తూర్పునకు చూచినవారికి మొదట నేల కనబడదు. క్రింది లోయలన్నియు పొగమంచుతో నిండి, ఒక్కొక్క కొండకొన మాత్రమే ఆ తెలుపులోనుండి నల్లగా పైకి తేలి, కొండ యెచ్చట ముగిసినదో ఆకాశమెచ్చట మొదలైనదో తెలియరాకపోగా, చలికి చేతులు చంకలలో ముడుచుకొని నిలిచినవారందరు కొంతసేపు మాట మరచిపోవుదురు. అంతలో సూర్యబింబము పొడచూపును. మంచు అంచులు ఎరుపెక్కును. శ్రీకాకుళమునుండియు విశాఖపట్నమునుండియు బైకులమీద వచ్చి, రాత్రి దాపుననే గుడారములలో తలదాచుకొనిన కుర్రకారు ఒక్కసారిగా సెల్‌ఫోన్లు పైకెత్తుదురు.

అదే వేళకు వారి వెనుకనుండి, ఒకరి అడుగుజాడలో ఒకరు అడుగు వేయుచు, కొందరు సవర తెగ స్త్రీలు వరుసగా దిగివత్తురు. తలలమీద కొండచీపురు కట్టలు, చేతిసంచులలో కొత్త కందులు, ఒకామె వీపున నిద్రపోవుచున్న పసిబిడ్డ. సంతకు పొద్దెక్కకముందే చేరినగాని బేరము కుదరదు కనుక, వారెవరును ఆ ఉదయమును చూచుటకు ఆగరు. ఫోటోకు అడ్డమగుదుమేమో అని ఒక్క క్షణము తల వంచి, గుడారపు త్రాళ్లను జాగ్రత్తగా దాటుకొని పోవుదురు.

వారిలో ఒకరైనను ఆ కుర్రవారిని, "మా కొండమీద మీకేమి పని?" అని అడిగి యెరుగరు. అడుగవలసిన ప్రశ్న అదియేనని నాకు తోచుచున్నది. ఈ కథనము దానికి సమాధానము వెదకుటకే.

విసిగినవారి ఉత్తరదిశ

శీతకాలము వచ్చినదనగా ఉత్తరాంధ్రలో యువజనుల నోట నానునది ఒక్కటే మాట: ఈ ఆదివారము ఏ కొండకు? లంబసింగి చలియు, పాడేరు దగ్గరి వంజంగి మేఘములును పేరుకెక్కిన పిదప, అచ్చటి వాహనముల రద్దీకిని ప్లాస్టిక్ కుప్పలకును విసిగిన యాత్రికులు తమ దృష్టిని మరికొంత ఉత్తరమునకు మరల్చిరి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా యేర్పడి, శ్రీకాకుళం జిల్లానుండి పాలకొండ, సీతంపేట, భామిని ప్రాంతములును, విజయనగరం జిల్లానుండి పార్వతీపురం, కురుపాం, సాలూరు ప్రాంతములును ఒక్క పాలనక్రిందికి వచ్చుటతో, అంతవరకు రెండు జిల్లాల కొసలలో మరుగుపడియున్న ఈ కొండలు తొలిసారిగా తమ పేరిట పటమునకెక్కినవి. అద్దెకు గుడారములిచ్చు దుకాణములు పట్టణములలో వెలసినవి. ఒకరి సెల్‌ఫోనులోని సూర్యోదయము పదిమందిని బయలుదేరదీయుచున్నది.

ఈ యాత్రాకాంక్షను నేను తప్పుపట్టను. పుట్టిన జిల్లాలోని కొండను ఎన్నడును ఎక్కి చూడకయే హిమాలయములకు టిక్కెట్టు కొనువారికంటె, ఆదివారమునాడు ఆడలికి పోవు కుర్రవాడు నా దృష్టిలో మేలైన యాత్రికుడు.

పాలకొండ దాటిన పిదప

శ్రీకాకుళమునుండి ఆమదాలవలస మీదుగా పాలకొండ చేరువరకు దారి మైదానపు దారియే: కోసిన వరిమళ్లు, చెరకు తోటలు, గట్లమీద తాటిచెట్లు. పాలకొండ దాటి సీతంపేట వైపు తిరిగినంతనే గాలి మారును. జీడిమామిడి తోటలు దారికి ఇరువైపుల దగ్గరకు జరుగును. కొండవాలుల ఎర్రమన్నులో అనాస మొక్కలు బారులు తీరియుండును. సీతంపేట అనాస వేసవి చివర మైదానమంతట అమ్ముడుపోవును గాని, పండించిన రైతునకు దక్కునది మాత్రము దళారి దయను బట్టియే. వంపు తిరిగిన ప్రతిచోట ఒక గెడ్డ, గెడ్డపై కల్వర్టు, దాని ప్రక్కన బట్టలుతుకుచున్న స్త్రీలు, నీళ్లలో దూకుచున్న పిల్లలు. మెట్టుగూడ జలపాతపు చప్పుడు కనబడకముందే వినబడును.

దోనుబాయి వైపు కొండలలో మేము బస చేసిన సవర గూడెములో ఇండ్లు రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలిచి, నడుమ వీథి ఎఱ్ఱమట్టితో అలికి యుండెను. చూరులు ఎంత క్రిందికి దిగియున్నవనగా, తల వంచనివానికి అరుగు దక్కదు. ఒక వృద్ధుడు అరుగుమీద కూర్చుండి, తడిపి ఆరబెట్టిన అడ్డాకులను ఒడిలో పరచుకొని, వెదురును గోటితో చీల్చి తీసిన సన్నని పుల్లను ఒక ఆకులోనుండి మరియొక ఆకులోనికి గుచ్చి, మిగిలిన కొనను తుంపి, మరల గుచ్చి, మేము టీ త్రాగి ముగించులోపల ఒక విస్తరిని పూర్తిచేసెను. చూపు మాత్రము మా వైపే యుండెను, వ్రేళ్లకు చూపుతో పనిలేదు. ఆయన భార్య ఆనపబుర్రలోనుండి చోడి అంబలి వంచి యిచ్చెను. పుల్లగా, చల్లగా, కొండ యెక్కి వచ్చిన కాళ్లలోనికి దిగినట్లు తోచెను. డబ్బు ఇవ్వబోగా ఆమె పుచ్చుకొనలేదు. "సుట్టాలకు అంబలి అమ్మీస్తామా బాబూ?" అనెను.

ఆ యింటి లోపలి గోడమీద పిండితో వ్రాసిన బొమ్మలు కలవు. వేటకాండ్రు, గుఱ్ఱమెక్కినవారు, చెట్లు, సూర్యచంద్రులు, ఒక మూల మోటారు వాహనము. ఒడిశా వైపు ఇడితాల్ అని పిలుచు ఈ చిత్రమును సవరలు అలంకారమునకై వ్రాయరు. చనిపోయిన పెద్దలను ఇంటిలోనికి పిలిచి కూర్చుండబెట్టుటకు వ్రాయుదురు. ఫోటో తీయుటకు ముందు అడుగవలయునను ఇంగితము యాత్రికునకు అచ్చట మరింత అవసరము.

> ■ రాయి, నది
>
> ఈ కొండలలో ఎక్కువగా కనబడు ఎఱ్ఱని గోధుమవన్నె రాతిని భూవిజ్ఞానులు ఖోండలైట్ అందురు. ఇచ్చటి కోందు ఆదివాసుల పేరే దానికి పెట్టబడినది. కోణార్క సూర్యదేవాలయమును ప్రధానముగా ఈ జాతి రాతితోనే కట్టిరి.
>
> నాగావళి (సుమారు 256 కి.మీ.), వంశధార (సుమారు 254 కి.మీ.) రెండును ఒడిశా కొండలలో పుట్టి, మొదటిది శ్రీకాకుళం దాపున కళ్లేపల్లి వద్దను, రెండవది కళింగపట్నం వద్దను సముద్రమున కలియును. సువర్ణముఖి, వేగావతి, జంఝావతి నాగావళికి ఉపనదులు.
>
> కొమరాడ మండలములో జంఝావతిపై 2006లో రబ్బరు డ్యామ్ నిర్మించిరి. ముంపును గూర్చి ఒడిశాతో వివాదము తెగక అసలు ఆనకట్ట నిలిచిపోవుటయే దీనికి కారణము.

గిడుగువారు నడచిన కొండలు

ఈ దారులలో కారు కిటికీ దించుకొని పోవువారు ఒక్కసారి గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిని తలచుకొనవలెను. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగము దాపున పర్వతాలపేటలో జన్మించిన ఆయన, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండగా, సంతకు వచ్చు సవరలను ఇతరులు మోసగించుట చూచి, వారి మాట నేర్చుకొననిదే వారికి మేలు చేయుట అసాధ్యమని గ్రహించి, సవరలనే గురువులుగా పెట్టుకొని, రహదారులు లేని ఆ కొండలలో తిరిగి తిరిగి లిపిలేని ఆ భాషను పట్టుకొనెను. వారి పిల్లలకు వారి భాషలోనే బడులు పెట్టించెను. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించెను. ఆ సంచారములలో సోకిన మన్యపు జ్వరమునకు మితిమీరి పుచ్చుకొనిన క్వినైను ఆయన వినికిడిని హరించినది. ఒక జాతి పలుకును వినుటకై చెవులను కోల్పోయిన ఆ మహనీయుని జన్మదినమును తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము గాని, ఆయన నడచిన దారులను చూపు ఫలకమొక్కటియు నాకీ ప్రయాణములో కానరాలేదు. యాత్రికులను పిలువదలచిన ప్రభుత్వమునకు ఇంతకంటె మంచి పిలుపు దొరకునా?

ఎక్కిన గేరులోనే దిగవలెను

వీరఘట్టం మీదుగా పడమరకు సాగి, తోటపల్లి వద్ద నాగావళిని దాటి, పార్వతీపురమునుండి కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు ఒక పూట తిరిగి, తాడికొండ జలపాతమును చూచి వచ్చినవారు, పిదప మక్కువ మీదుగా సాలూరు చేరుట మంచి క్రమము. కుడిచేతి వైపు కొండలు, ఎడమచేతి వైపు పొలములు వదలకుండ వెంట వచ్చును. సంక్రాంతి వెళ్లిన వెంటనే ఆ దారిని పోవువారు శంబర పోలమాంబ జాతరకు వచ్చు బండ్ల మధ్య చిక్కుకొందురు. ఆ ఆలస్యమును అదృష్టముగా భావింపవలెను.

సాలూరు లారీల ఊరు. ఇంటికొక డ్రైవరో క్లీనరో మెకానిక్కో కలడని చెప్పుకొను ఈ పట్టణమునకు అన్నము పెట్టినది రాయపూర్ దారి. పూర్వము 43వ నంబరు, ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారియైన ఆ మార్గము నాతవలస వద్ద మొదలై, విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు దాటి, పి.కోనవలస వద్ద ఘాటుగా మారి, ఒడిశాలోని సుంకి వైపు ఎక్కును. మలుపు మలుపునకు లోయ లోతగుచుండును. ఎదురు వచ్చు లారీ హారను ముందు వచ్చును, లారీ తరువాత వచ్చును. సాలూరు డ్రైవర్లు కొత్తవారికి చెప్పు సూత్రము ఒక్కటే: "ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగాల." ఇంధనము మిగుల్చుకొనుటకై న్యూట్రల్‌లో దిగువాని బ్రేకులు వేడెక్కి పట్టు తప్పును. ఎక్కుచున్న బరువు బండికి దిగుచున్న బండి దారి యిచ్చుట ఘాటు మర్యాద. కారులో వచ్చు నగరవాసులకు ఈ రెండును తెలియకపోవుట వలననే అచ్చట బండ్లు గంటలకొలది నిలిచిపోవుచున్నవని అక్కడి మెకానిక్కుల ఫిర్యాదు.

సుంకి దాటి పొట్టంగి చేరినచో, ఒడిశాలోకెల్ల ఉన్నతమైన 1,672 మీటర్ల దేవమాలి శిఖరము దాపుననే యుండును. ఈ రెండు రాష్ట్రముల నడుమ కొండలలోనే కొఠియా గ్రామములు కలవు. 1936లో ఒడిశా యేర్పడిననాటి సరిహద్దు గీత అచ్చట సరిగా పడలేదు. ఇరువదియొక్క గ్రామములు ఎవరివను వ్యాజ్యము 1968లో సుప్రీంకోర్టు కెక్కి, 2006 వరకు సాగి, తేలకయే యథాతథస్థితితో నిలిచిపోయినది. 2021లో ఆంధ్రప్రదేశ్ అచ్చట పంచాయతీ ఎన్నికలు జరుపగా ఒడిశా మరల కోర్టుకు వెళ్లినది. అచ్చటి వారిలో అనేకులకు రెండు రాష్ట్రముల రేషను కార్డులును కలవు. రెండు ప్రభుత్వములు పోటీపడి పిలుచుచుండగా ఆ ప్రజలు మాత్రము తమ చోళ్ల పంటను తాము కోసికొనుచున్నారు. వినోదమునకై పోవు యాత్రికుడు అచ్చట సరిహద్దు వాదములు ఎత్తకుండుట మర్యాద.

గుడారము వేయుటకు ముందు

కొండలలో రాత్రి గడుపుట సుఖమైన సాహసమని పట్టణపు ప్రకటనలు చెప్పును. సుఖము నిజమే. సాయంత్రము నెగడు చల్లారిన పిదప నక్షత్రములు ఎంత క్రిందికి దిగునో మైదానవాసులకు చెప్పినను నమ్మరు. కాని ఈ అడవులకు వేరు యజమానులు కలరు. ఒడిశా అడవులనుండి దిగివచ్చిన ఏనుగుల గుంపు కొన్ని సంవత్సరములుగా కొమరాడ, కురుపాం, గరుగుబిల్లి, భామిని ప్రాంతములలో సంచరించుచు, వరి, చెరకు, అరటి తోటలను తొక్కి, కొందరి ప్రాణములను తీసినది. ప్రాణములు కోల్పోయినది మనుష్యులు మాత్రమే కారు. 2023 మే నెలలో భామిని మండలములో విద్యుదాఘాతమునకు ఒకే చోట నాలుగు ఏనుగులు నేలకొరిగినవి. తిరుగుటకు అడవి చాలక ఊళ్లమీదికి వచ్చిన ఆ జంతువులను, పంట దక్కక రాత్రులు మేలుకొను ఆ రైతులను, ఇరువురిని తలచుకొనినప్పుడు దోషమెవరిదని నిర్ణయించుట నాకు శక్యము కాలేదు.

కనుక గుడారము విప్పుటకు ముందు ఊరిలో అడుగవలెను. ఒక సాయంకాలము గెడ్డ యొడ్డున చదునైన చోటు చూచి మేము సామాను దింపుచుండగా, పశువులను తోలుకొని పోవుచున్న ఒక నడివయసు మనిషి నిలిచి, "ఏనుగులు రేతిరి ఈ గెడ్డే దాటినాయి బాబూ. ఇక్కడ ఎయ్యకండి. ఊర్లోకి వచ్చీండి, బడి అరుగు మీద పడుకోండి" అని చెప్పెను. ఏ పటమును ఏ యాపును ఆ మాట చెప్పజాలదు. ఏనుగులు లేనిచోటనైనను గెడ్డ గర్భమున పండుకొనరాదు. ఎగువ కొండలో కురిసిన వాన, దిగువ ఆకాశము నిర్మలముగా నుండగనే, రాత్రివేళ నీటిగోడయై వచ్చును. ఆశ్వయుజ, కార్తికములు తుపానుల కాలము. 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరు చివర గులాబ్ ఈ జిల్లాలను తాకినవే. కార్తికము వెళ్లినది మొదలు మాఘము వరకు ప్రయాణమునకు అనువైన కాలము. ఆపైన ఆకు రాలి అడవి ఎండి యుండును. ఆర్పక విడిచిన నెగడు కొండ మొత్తమును కాల్చగలదు. రిజర్వు అడవిలో రాత్రి బసకు అటవీశాఖ అనుమతి తప్పనిసరి. గిడుగువారిని బాధించిన జ్వరము నేటికిని పూర్తిగా పోలేదు కనుక దోమతెర మరువరాదు.

> ■ మహేంద్రగిరి
>
> శ్రీకాకుళం జిల్లా మందస నుండి చూచినచో వాయవ్యమున కనబడు మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. శిఖరము ఒడిశా గజపతి జిల్లాలోనిది. కాళిదాసు రఘువంశమున వర్ణించినది, పరశురాముని తపోభూమియని ప్రసిద్ధమైనది ఈ కొండయే. కళింగమునేలిన తూర్పు గాంగులు తమ కులదైవమైన గోకర్ణేశ్వరుని ఇచ్చటనే కొలిచిరి. శిలాఖండములతో పేర్చిన భీముని గుడి, చోళుల విజయమును తెలుపు 11వ శతాబ్దపు శాసనము పైన కలవు. ఇచ్చట పుట్టిన మహేంద్రతనయ బారువ వద్ద సముద్రమున కలియును. శివరాత్రికి ఇరు రాష్ట్రముల జనము ఎక్కుదురు.

డోలీ వచ్చుచున్నది, ప్రక్కకు తొలగుడు

యాత్రికునకు దారి యనగా వినోదము. దారి లేని గూడెమునకు అది ప్రాణము. వెదురు గడకు దుప్పటినో చీరనో ఉయ్యెలగా కట్టి, ఆ డోలీలో నొప్పులు పడుచున్న నిండు చూలాలిని పరుండబెట్టి, ముందొకడు వెనుకొకడు భుజము మార్చుకొనుచు, వానలో జారు రాళ్లమీదుగా కొండ దిగుదురు. క్రింద అంబులెన్సు నిలిచిన చోటికి చేరువరకు తల్లి ఓర్చుకొనవలెను, బిడ్డ ఓర్చుకొనవలెను. ఓర్చుకొనలేక దారిలోనే కన్నవారును, దారిలోనే కన్నుమూసినవారును కలరు. ఈ దుర్గతిని తప్పించుటకై సాలూరులోను గుమ్మలక్ష్మీపురములోను గర్భిణుల వసతిగృహములు నెలకొల్పి, నెలలు నిండకముందే కొండపై తల్లులను దింపి భోజనము పెట్టి కాపాడుట, ఈ ప్రాంతములో ప్రభుత్వము చేసిన మంచి పనులలో మిక్కిలి మంచిది.

రహదారులును వచ్చుచున్నవి. 2024 డిసెంబరులో సాలూరు ప్రాంతపు బాగుజోలలో ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ గిరిజన గ్రామముల రోడ్లకు శంకుస్థాపన చేసిరి. 2025 ఏప్రిల్‌లో అడవితల్లి బాట అను పేరిట మన్యపు రోడ్ల కార్యక్రమము ఆరంభమైనది. ఈ పనులు ఎన్ని పూర్తియైన అన్ని డోలీలు అటకెక్కును. అయితే డోలీ దిగిన ఆ రోడ్డుమీదనే పట్టణపు కార్లు ఎక్కివచ్చును. ఆ కార్ల వెనుక స్థలము వెదకు పెట్టుబడి వచ్చును. అసలు భయము అచ్చటనే.

ఎవరి నేల?

ఈ కొండలలోని వృద్ధులకు గుడారమనగా వేరొక జ్ఞాపకము. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద కాల్పులలో ఇద్దరు గిరిజనులు మరణించిన పిదప రగిలిన శ్రీకాకుళ గిరిజనోద్యమకాలములో, గూడెముల చెంత వెలసిన గుడారములు పోలీసు క్యాంపులవి. ఆ ఉద్యమమునకు మూలము భూమి. అప్పిచ్చిన షావుకారు పత్రముమీద వేలిముద్ర వేయించుకొని, కొండవాలు పొలమును కాజేయుట నిత్యకృత్యమైన రోజులవి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి, ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి చేరకుండ చేసిన చట్టమే 1/70 అని ప్రతి గూడెములోను పిలువబడుచున్నది. 1997లో సమత కేసున సుప్రీంకోర్టు, గిరిజన ప్రాంతములలో ప్రభుత్వము సయితము ప్రైవేటువారికి గనుల కౌలులు ఈయరాదని తీర్పు చెప్పినది. విశాఖ మన్యములోని అనంతగిరి మండలమునుండి వచ్చిన వ్యాజ్యమది.

కొండకు పర్యాటకము వచ్చునా, రాదా అను తర్కము నేడు వ్యర్థము. అది వచ్చినది. ఆ రాబడి ఎవరి చేతికి చేరవలెననునదే తేల్చవలసినది. నా తీర్పు స్పష్టము. ఏజెన్సీ గ్రామసభలకు 1996 నాటి పెసా చట్టము అధికారమిచ్చినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము ఉమ్మడి అడవిమీద హక్కు నిచ్చినది. వీని ఆధారమున గూడెమే గుడారపు స్థలమును నిర్ణయింపవలెను. గూడెమే రుసుము పుచ్చుకొనవలెను. గూడెపు యువకులే దారి చూపవలెను, గూడెపు స్త్రీలే వంట చేయవలెను. ఎంతమంది రావచ్చునో, ఏ పండుగ దినములలో రాకూడదో వారే చెప్పవలెను. అంబలి అమ్మనొల్లని ఆ తల్లికి వ్యాపారము నేర్పుమని నేను కోరుట లేదు. ఆమె కొండను చూపి మరియొకడు వ్యాపారము చేయకుండ చూడుమని మాత్రమే కోరుచున్నాను.

ఈ శీతకాలములో బయలుదేరు పాఠకులకు ఒక మాట. ఊరిలో అడిగిన పిదపనే గుడారము వేయుడు. తెచ్చిన ప్లాస్టిక్‌ను తిరిగి తీసికొనిపొండు. సంతలో చీపురు కట్టకు, కందులకు అడిగిన వెల యిచ్చి కొనుడు. సీతంపేట, పార్వతీపురం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) అధికారులకు ఒక విన్నపము. ఆడలివంటి చోట్ల ప్రవేశ రుసుమును, గుడారపు రుసుమును వసూలు చేయు అధికారము ఆయా గ్రామసభలకే చెందునట్లును, ఆ సొమ్ము ఆ గూడెపు ఖాతాకే చేరునట్లును, ఈ యాత్రాకాలము ముగియకముందే ఉత్తర్వు వెలువరింపుడు.